కొత్తగా కన్సల్టింగ్ పెట్టారా? ఫీజు రోజు లెక్కనా, గుత్తకా, నెలకా, వాటాకా

హన్మకొండలో ఈ పని మొదలుపెట్టిన రెండో వారంలో నయీంనగర్ దగ్గర ఒక షాపులో గంటన్నర కూర్చుని మాట్లాడాను. స్టాకు లెక్క ఎందుకు తేలట్లేదో, ఏం చేస్తే తేలుతుందో అంతా చెప్పాను. సేటు శ్రద్ధగా విన్నారు, చాయ్ తెప్పించారు, గ్లాసు చేతికిస్తూ అడిగారు: "ఇగ చెప్పు తమ్మీ, ఎంత తీసుకుంటవ్?"

ఆ ప్రశ్నకు నేను ఇంట్లోంచి జవాబు తెచ్చుకోలేదు. నోటికొచ్చిన అంకె చెప్పేశాను. ఆ అంకె ఆ షాపుతో ఆగలేదు, ఆయన బావమరిదికి, పక్క వీధి డీలరుకు కూడా తెలిసిపోయింది, ఐదు నెలలు నా వెంట తిరిగింది.

హైదరాబాద్‌లో పదకొండేళ్లు స్టోర్సు, అకౌంట్లు చూసి వచ్చిన నాకు పని తెలుసు, రేటు చెప్పడం మాత్రం తెలియదు. ఇప్పుడు వరంగల్, జమ్మికుంట, కరీంనగర్ వైపు షాపులకు, మిల్లులకు స్టాకు, లెక్కల పద్ధతి పెట్టిస్తుంటాను. కొత్తగా ఇందులోకి దిగేవాళ్లు, అకౌంట్లు కానీ, క్వాలిటీ కానీ, సాఫ్ట్‌వేర్ కానీ, స్కూళ్లకు హాస్పిటళ్లకు సలహా కానీ, ఏ పని అయినా సరే, మొదటి ఆరు నెలల్లో తట్టుకునే రాయి ఒక్కటే: ఫీజు ఏ లెక్కన తీసుకోవాలి? నాలుగు దారులున్నాయి. నాలుగూ నేను నడిచి చూసినవే కాబట్టి ఒక్కొక్కటీ చెప్తాను, కానీ ముందు దేంతో కొలవాలో చూద్దాం.

ముందు మీ రోజు విలువ తేల్చుకోండి

అందరం చేసే పొరపాటు ఇది. పాత జీతం 60,000 అనుకోండి, దాన్ని 26 రోజులతో భాగిస్తే 2,300 వస్తుంది, "సరే, రోజుకు రెండున్నర వేలు అడుగుదాం" అనుకుంటాం. కానీ ఉద్యోగంలో 26 రోజులకూ జీతం వచ్చేది. ఇక్కడ మొదటి నెలల్లో ఎంత తిరిగినా బిల్లు వేయగలిగే రోజులు ఎనిమిది, తొమ్మిది. మిగతావన్నీ ఫోన్లు, "రేపు రా తమ్మీ" అనిపించుకోవడాలు, కొటేషన్లు, బాకీ అడగడాలు, బస్సు ప్రయాణాలు. హన్మకొండ నుంచి కరీంనగర్ 70 కిలోమీటర్లే, కానీ హుజూరాబాద్ మీదుగా పోయి వచ్చేసరికి నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి.

ఇంటికి 40,000 కావాలి, పెట్రోలు, ఫోను, ప్రింట్లు, ల్యాప్‌టాప్ కిస్తీ కలిపి 12,000. మొత్తం 52,000. తొమ్మిది రోజులతో భాగిస్తే రోజుకు 5,800 దగ్గర తేలుతుంది. మీ అంకెలు వేరే ఉంటాయి, లెక్క మాత్రం ఇదే. ఏ దారిలో పోయినా ఈ అంకె జేబులో ఉండాలి. దీన్ని క్లయింటుకు చెప్పాల్సిన పని లేదు.

ఆ తర్వాత చూడాల్సినవి మూడు

మొదటిది, కాంటా ఎవరి చేతిలో ఉంది? వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు కమీషన్ తీసుకుంటారు, దాని మీద రోజూ గొడవలు రావు. ఎందుకంటే బరువు కాంటా మీద తేలుతుంది, ధర అందరి ముందు పలుకుతుంది. మన పనికి అట్లాంటి కాంటా ఉందా, ఉంటే అది ఇద్దరికీ కనిపించే చోట ఉందా, లేక క్లయింటు బీరువాలో ఉందా?

రెండోది, పని ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్తారు? "ఇదొక్కటి కూడా చూడు" అన్న మాటకు హద్దు ఉందా?

మూడోది, పైసలు చేతికి ఎప్పుడొస్తాయి? ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్నకు జవాబు క్యాలెండర్లో కంటే పంటలో ఉంటుంది. విత్తనాలు, ఎరువుల డీలరు జూన్, జులైలో సరుకంతా రైతులకు ఉద్దెరకు ఇస్తారు, పత్తి అమ్ముడయ్యాక, అంటే దసరా దాటి సంక్రాంతి దాకా మెల్లగా వసూలవుతుంది. పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లుకు సరుకు వచ్చేది అక్టోబరు చివరి నుంచి. రైస్ మిల్లుకు వానాకాలం వడ్లు ఒకసారి, యాసంగి వడ్లు ఒకసారి. ప్రైవేటు స్కూలుకు ఫీజులు గట్టిగా వచ్చేది జూన్, జులైలో. ఆగస్టులో ఎరువుల షాపుకు పోయి బిల్లు పెడితే ఆయన ఇవ్వనని అనరు, నిజంగానే ఆయన దగ్గర ఉండవు.

| | రోజు లెక్క | గుత్త | నెలవారీ | వాటా |
|---|---|---|---|---|
| కాంటా ఎక్కడ | వచ్చిన రోజులు, ఇద్దరికీ కనిపిస్తాయి | రాసుకున్న కాగితం | రాసుకుంటే ఉంది, లేకపోతే లేదు | చాలావరకు క్లయింటు ఖాతాలో |
| పని పెరిగితే నష్టం | క్లయింటుకు | మీకు | మీకు, నెమ్మదిగా | మీకు |
| పైసలు ఎప్పుడు | వెంటనే, కొంచెం కొంచెం | అడ్వాన్సు, చివర మిగతాది | నెల నెలా, సీజన్‌ను బట్టి ఆలస్యం | లాభం తేలాక |
| బేరం ఎట్లా ఉంటుంది | కష్టం | తేలిక | నమ్మకం కుదిరాక తేలిక | చాలా తేలిక |
| మొదటి మూడు నెలల్లో | చిన్న పనులకు | పరిశీలన తర్వాత | రెండో పనిగా | వద్దు |

రోజు లెక్క

శుభ్రమైన పద్ధతి. వచ్చారు, పని చేశారు, తీసుకున్నారు. పని ఎంతకు తెగుతుందో మీకే తెలియని రోజుల్లో ఇది మిమ్మల్ని కాపాడుతుంది.

ఇబ్బందంతా బేరం దగ్గరే. రోజుకు 5,800 అనగానే సేటు మనసులో పోలిక మొదలవుతుంది: గుమస్తాకు రోజుకు ఎంత, మేస్త్రీకి ఎంత. ఆయన తప్పేం లేదు, రోజు అన్న మాట వింటే ఎవరికైనా కూలి గుర్తొస్తుంది. పైగా మీరు పక్కన కూర్చుని పది నిమిషాలు ఆలోచిస్తే ఆయనకు అది ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. ఇంకో సంగతి, మీరు పనిలో చురుకైన కొద్దీ రోజులు తగ్గుతాయి, దాంతో మీ ఆదాయమూ తగ్గుతుంది.

అందుకే దీన్ని నేను మూడు చోట్లే వాడతాను: సిబ్బందికి ట్రైనింగ్, ఒక్కరోజు స్టాకు తనిఖీ, ఇంకో కన్సల్టెంటు దగ్గర సాయంగా పోయే పని. మూడోది మొదటి నెలల్లో చాలా మంచిది. హైదరాబాద్‌లో పెద్ద ప్రాజెక్టులు చేసేవాళ్లకు ఇటువైపు తిరిగే మనిషి కావాలి, వాళ్లకు రోజు రేటు కొత్త కాదు.

గుత్త

మన దగ్గర అందరికీ అర్థమయ్యే భాష ఇది. ఇల్లు కట్టినా, బావి తవ్వించినా గుత్తకే మాట్లాడుకున్న ఊళ్లు మనవి. "మీ గోదాం లెక్క సరిచేసి, మీ మనుషులకు నేర్పించి పోతాను, ఇంత" అంటే సేటు ఫలితానికి వెల కడతారు, రోజులు లెక్కపెట్టరు.

ప్రమాదం మాత్రం పూర్తిగా మీది. నా మొదటి గుత్త ఒక హార్డ్‌వేర్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర, 25,000కు ఒప్పుకున్నాను. ఎనిమిది రోజుల పని అనుకున్నాను. దిగాక చూస్తే రెండు వేల పైచిలుకు రకాల సరుకు, ఒకే బోల్టుకు తండ్రి ఒక పేరు, కొడుకు ఒక పేరు, గోదాం కుర్రాడు ఇంకో పేరు. రెండో గోదాం ఉందన్న సంగతి నాకు ఆరో రోజు తెలిసింది. 21 రోజులు పట్టింది, రోజుకు 1,200 కూడా పడలేదు. వాళ్లు మోసం చేయలేదు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు, అంతే. కానీ ఆ నెల ఇంటి కిరాయి నా చెల్లెలు కట్టింది, అది నేను మర్చిపోలేను.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ముందు మూడు రోజుల పరిశీలన, దానికి వేరే ఫీజు, 12,000. ఆ మూడు రోజుల్లో గోదాములు ఎన్ని, పుస్తకాలు ఎవరు రాస్తారు, ఇంట్లో ఆఖరి మాట ఎవరిది, అన్నీ చూసి నాలుగు పేజీలు రాసిస్తాను. ఆ కాగితం తీసుకుని వాళ్లు నాతోనే చేయించుకోవచ్చు, ఇంకొకరితో చేయించుకోవచ్చు. ఇది ఫ్రీగా చేయొద్దు. "ముందు చూసి చెప్పు, నచ్చితే మాట్లాడుకుందాం" అని ప్రతి ఒక్కరూ అంటారు, కానీ అసలు తెలివంతా ఆ చూసి చెప్పడంలోనే ఉంది, దాన్ని ఊరికే ఇచ్చేస్తే ఇక అమ్మడానికి మిగిలేది రాత పని. 12,000 ఇవ్వడానికి ఇష్టపడని మనిషి తర్వాత 40,000 ఇస్తాడని అనుకోవద్దు. మూడు రోజుల్లో అది బయటపడటం కూడా మంచిదే.

పరిశీలన అయ్యాక మీకు తోచిన రోజులకు సగం కలుపుకోండి, తొమ్మిది అనిపిస్తే పదమూడు వేసుకోండి. మీ రోజు విలువతో గుణిస్తే 75,000 అయింది, షాపు 40,000కు మించి ఇవ్వలేదు అనుకోండి. అప్పుడు రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "ఈసారి ఒక్క గోదామే చేద్దాం అన్నా, రెండోది దసరా తర్వాత చూసుకుందాం." ఈ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రేటు తగ్గిస్తే ఆ తగ్గిన రేటు ఊరంతా తిరుగుతుంది, పని తగ్గిస్తే రెండో పని మీకే మిగులుతుంది.

కాగితం మీద తప్పకుండా రాయాల్సినవి: ఏం చేస్తాం, ఏం చేయం, వాళ్లు ఇవ్వాల్సిన సమాచారం, ఏ తేదీకి. "ఏం చేయం" అన్న వరుస రాయడానికి మొహమాటం వేస్తుంది. కానీ దానికి రెండు నిమిషాలే పడుతుంది, రాయకపోతే రెండు వారాల పని మీద పడుతుంది.

నెలవారీ

నెలకు ఇంత, రెండుసార్లు వస్తాను, ఫోన్లో అందుబాటులో ఉంటాను. ముగ్గురు క్లయింట్లు 12,000 చొప్పున ఉంటే 36,000, ఒక్కొక్కరికి రెండు రోజులు అంటే ఆరు రోజుల పని, రోజుకు 6,000 పడుతుంది. పైన పెట్టుకున్న అంకెకు సరిపోతుంది, పైగా ఒకటో తారీఖు టెన్షన్ సగం తగ్గుతుంది. ఆరు నెలలకు చేరాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం.

కానీ మొదటి పనిగా అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా నిలవదు. మీరెవరో తెలియకముందే ప్రతి నెలా ఎందుకిస్తారు? ఒక గుత్త పని పూర్తిచేసి, ఫలితం కనిపించాక, "ఇది మళ్లీ చెడిపోకుండా చూస్తాను" అంటే అప్పుడు వింటారు.

రెండు జాగ్రత్తలు. హద్దు రాయకపోతే రాత్రి తొమ్మిదిన్నరకు బిల్లింగ్ మిషన్ ఆగిపోయిందని ఫోన్, ఆదివారం మేనల్లుడికి ఎక్సెల్ నేర్పమని ఫోన్. రెండు విజిట్లు, పని రోజుల్లో పది నుంచి ఆరు దాకా ఫోను, నెలకు ఒక రిపోర్టు అని రాసుకోండి. ఇంకొకటి సీజన్. ఎరువుల డీలరుతో నెల నెలా అని మాట్లాడుకుంటే జులై నుంచి సెప్టెంబరు దాకా మూడు బిల్లులు ఆగుతాయి, అవి అడిగి అడిగి మీరిద్దరూ ఎడమొహం పెడమొహం అవుతారు. అట్లాంటి చోట మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి తీసుకునేట్టు ముందే మాట్లాడుకుంటే గౌరవం ఉంటుంది, పైసలూ వస్తాయి.

లాభంలో వాటా

అందరికంటే ముందు వచ్చే ఆఫర్ ఇదే. "నువ్వు మిగిలించిన దాంట్లో పది శాతం తీసుకో తమ్మీ, నీకే లాభం." కొత్తలో వినడానికి ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఒక జిన్నింగ్ మిల్లులో ఈ లెక్కన దిగాను కూడా.

పత్తిలో దూది మూడో వంతు చుట్టూ ఉంటుంది, మిగతాదాంట్లో ఎక్కువ గింజే. వంద క్వింటాళ్లకు ఒక్క క్వింటాలు దూది ఎక్కువ తీయగలిగినా సీజన్ మొత్తానికి పెద్ద మొత్తం. కానీ ఆ ఎక్కువ నా వల్లే వచ్చిందని ఎట్లా తేల్చాలి? మద్దతు ధర కొనుగోళ్లలో సీసీఐ, అంటే కేంద్రం పత్తి సంస్థ, 8 శాతం తేమ దాకా పూర్తి ధర ఇస్తుంది, 12 దాకా కోతతో తీసుకుంటుంది. అంటే బయట కొన్న పత్తిలో కూడా ఒక రోజు తేమ ఎక్కువ, ఒక రోజు తక్కువ. తేమ ఆరితే బరువు పోతుంది. ఆ ఏడు వాన ఎప్పుడు పడింది, ఏ రకం పత్తి వచ్చింది, మిషన్లో రోలర్లు ఎప్పుడు మార్చారు, ఇవన్నీ ఆ ఒక్క క్వింటాలులో కలిసే ఉంటాయి. అందులో నా భాగం ఇంత అని నేనూ చూపలేకపోయాను, వాళ్లూ ఒప్పుకోలేకపోయారు. సీజన్ అయిపోయాక ఖర్చులకు అని కొంత ఇచ్చారు. కాంటా లేని చోట కమీషన్ మాట్లాడుకోవడం నా తప్పే.

వాటా కుదిరే చోట్లు కొన్ని ఉన్నాయి. బయటివాళ్లు అచ్చువేసి ఇచ్చే అంకె ఉన్నచోట. ఉదాహరణకు రైస్ మిల్లు కరెంటు బిల్లులో డిమాండు చార్జీలు, అంటే ఒక్కసారిగా ఎంత ఎక్కువ కరెంటు లాగారన్న దాని మీద పడేవి: పోయిన ఏడాది ఇదే నెల బిల్లు, ఈ ఏడాది బిల్లు పక్కపక్కన పెడితే తేడా ఇద్దరికీ కనిపిస్తుంది. అక్కడ కూడా వాటా మొత్తం ఫీజు కావద్దు, కనీస ఫీజు ఒకటి పెట్టుకుని దాని మీద వాటా అడగండి. ఇంట్లో ఆరు నెలలకు సరిపడా డబ్బు ఉంటేనే ఇది ఆలోచించండి.

మీరెవరు అన్నదాన్ని బట్టి

ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాలు మొదలుపెడుతున్నారా? ముందు మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని చేయొచ్చో లేదో చూసుకోండి. చేయొచ్చంటే పరిశీలన ఫీజు ఒక్కటే పెట్టుకుని నాలుగైదు చేయండి. గుత్త ఒప్పుకుంటే తేదీ తప్పుతారు, ఎందుకంటే షాపుకు మీతో పని పడేది మంగళవారం మధ్యాహ్నం.

ఉద్యోగం వదిలేశారు, చేతిలో నాలుగైదు నెలల డబ్బే ఉంది అంటే పరిశీలన, తర్వాత గుత్త, అడ్వాన్సు 50 శాతానికి తక్కువ వద్దు. మూడో నెల నుంచి పూర్తయిన ప్రతి పనినీ నెలవారీలోకి తిప్పే మాట ఎత్తండి. వాటా జోలికి పోవద్దు, ఎంత పెద్ద మిల్లు అయినా.

సింగరేణిలోనో, బ్యాంకులోనో రిటైరై, పింఛను వస్తూ, తెలిసింది నలుగురికి చెప్దామనుకునే పెద్దవాళ్లకు రోజు లెక్కే హాయి. మీ అనుభవానికి రేటు గట్టిగానే చెప్పండి. మీరు తక్కువకు చేస్తే ఇదే పని మీద బతుకుతున్న కుర్రాళ్లకు దెబ్బ, దయచేసి ఆ ఒక్కటి ఆలోచించండి.

పిల్లలు స్కూలుకు పోయాక దొరికే నాలుగు గంటల్లో ఇంటి నుంచి పని చేయాలనుకునే ఆడవాళ్లు నన్ను చాలామంది అడిగారు. నెలవారీయే నయం, కానీ షాపుల కంటే ఆఫీసు పద్ధతి ఉన్న క్లయింట్లను చూసుకోండి: స్కూళ్లు, డయాగ్నస్టిక్ సెంటర్లు, హైదరాబాద్ కంపెనీలు. రోజూ మనిషి కళ్ల ముందు కనిపించాలనే పట్టు వాళ్లకు తక్కువ.

ఏ దారి పట్టినా పన్నుల సంగతి

సర్వీసులకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పెద్ద క్లయింటు అడిగాడని ముందే తీసుకుంటే అప్పటి నుంచి అందరికీ 18 శాతం వేయాలి, 30,000 బిల్లు 35,400 అవుతుంది. మామూలు జీఎస్టీలో ఉన్న వ్యాపారి దాన్ని ఇన్‌పుట్‌గా తీసుకుంటారు, అంటే తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటారు, టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్‌ పద్ధతిలో ఉన్న చిన్న షాపు తీసుకోలేదు. మీ క్లయింట్లు ఎవరో చూసి తేల్చుకోండి.

కంపెనీలు ఏడాదికి 50,000 దాటిన ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం టీడీఎస్, అంటే మన ఆదాయపు పన్ను కింద ముందే కోత, పట్టుకుంటాయి. 60,000 బిల్లుకు చేతికొచ్చేది 54,000, మిగతా ఆరు వేలు రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తాయి. ఇది తెలియక నెల బడ్జెట్ వేసుకుంటే ఇబ్బంది.

చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి వారమే చేయించుకోండి. ఆన్‌లైన్‌లో ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థల బిల్లును రాత ఒప్పందం ఉంటే ఎంత ఎక్కువన్నా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. గడువు దాటిన బాకీని వ్యాపారి నిజంగా కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోవాలి. మార్చి దగ్గరపడగానే ఆడిటర్లే ఈ బాకీల గురించి అడుగుతారు, కాబట్టి బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చువేయండి. మర్యాదగా ఒక మెసేజ్ పెట్టినా ఫిబ్రవరిలో బాకీలు కదులుతాయి. నాకు రెండు బిల్లులు అట్లాగే వచ్చాయి.

ఇక పాత తక్కువ రేటులో చిక్కుకున్నవాళ్లకు. మధ్యలో పెంచితే మాట తప్పినట్టు అనిపిస్తుంది, అందుకే ఏప్రిల్ ఒకటిని ఆసరాగా తీసుకోండి, కొత్త ఖాతా పుస్తకాలు తెరిచే రోజు కాబట్టి ఎవరికీ వింతగా ఉండదు. ఫిబ్రవరిలోనే నేరుగా కలిసి చెప్పండి, వాట్సాప్‌లో వద్దు. నేను ఇద్దరికి చెప్పాను. నయీంనగర్ సేటు కొంచెంసేపు ఆలోచించి సరే అన్నారు, ఇంకొకరు మానేశారు. ఆయన దగ్గర మిగిలిన మూడు రోజులు ఇప్పుడు జమ్మికుంటలో ఒక సీడ్ షాపుకు ఇస్తున్నాను, మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి అన్న లెక్కన.